పసుపు బనియనుకి తెల్ల చేతులు

ఇటియ్యమ్మాయ్, చూడనీ. ముందు కూర్చో. ఆ కుర్చీలో గుడ్డముక్కలు కింద పడెయ్, ఏం కాదు. ఊఁ, మీ వాలీబాల్ జెర్సీనా ఇది. జాలీ గుడ్డ. ఈ చంకల అంచున వేసిన పట్టీ, ఈ పైపింగ్ చూశావా, గుడ్డని సాగదీసి కుట్టేశాడు, నాలుగు ఉతుకులకి అలలు అలలుగా లేస్తుంది. సరే, అదట్లా ఉంచు. దీనికి చేతులు పెట్టాలి, అంతేగా? పెడతా. ఆట శనివారం అన్నావు, శుక్రవారం సాయంత్రానికి ఇస్తా. చేతులకని ఇంకో జెర్సీ కూడా తెచ్చావా, మంచిపని చేశావు, దాన్ని విప్పి గుడ్డ తీస్తే రంగు తేడా రాదు. ఆగాగు. ఎందుకో చెప్పబోతున్నావు నువ్వు. చెప్పొద్దు. నేను అడిగానా? అడగలా. మీరు కింద బేస్‌మెంట్‌లో దిగి ఎనిమిది నెలలైంది, ఈ ముసలాయన ప్రతిదానికీ ఎందుకు, ఏమిటి అని పీక్కుతింటాడని మీ పిల్లలంతా అనుకుంటారని నాకు తెలుసులే. చెత్తడబ్బా ఎందుకు బయటపెట్టలేదు, స్టవ్ ఎందుకు తుడవలేదు. అవి అడుగుతా. ఇది అడగను భవితా. చేతులు పెట్టమని ఎవరొచ్చినా పెడతా, కారణం వినను. మా అల్లుడు అనంత్ మొన్న నువ్వు ఫోన్‌లో చెప్తుంటే విని, "లోపల ఫుల్ హ్యాండ్స్ టీషర్ట్ వేసుకుంటే అయిపోతుందిగా మావయ్యా, మళ్ళీ కుట్టడం ఎందుకు" అన్నాడు. అతను కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు, అతని లెక్క అతనిది. నేనన్నా, అట్లా కుదరదు బాబూ, లోపలిది తియ్యమనడానికి ఎక్కడో ఒక వెధవ తయారుగా ఉంటాడని. ఎవరా వెధవ అంటే, ఒకడైతే నేనే. అదే చెప్తున్నా. విను, నాకు ఈ కుట్లు విప్పే పనుంది, నీకు బస్సుకి ఇంకా ముప్పావుగంట ఉంది.

ఈ చేతుల్లేని బనియన్లు నేను కుట్టినన్ని ఈ ఓక్‌విల్ ఊరు మొత్తంలో ఎవరూ కుట్టి ఉండరు. మాది తెనాలి. ఏడో ఏట మిషను దగ్గర కూర్చోబెట్టాడు మా నాన్న, బడి అన్నది బయటినుంచే చూశా. మా బావమరిది స్పాన్సర్ చేస్తే నలభయ్యో ఏట మాంట్రియల్ వచ్చాం, నేనూ మా ఆవిడ శ్యామలా, మా అమ్మాయీ. అక్కడ బట్టల ఫ్యాక్టరీలో పని. బాస్కెట్‌బాల్ వాళ్ళకి, పరుగుపందాల వాళ్ళకి, జిమ్ముల వాళ్ళకి అన్నీ చేతుల్లేనివే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చంకకి పైపింగ్ వెయ్యడమే నా పని. రోజుకి మూడొందలు. అంటే ఆరొందల చంకలు. నవ్వకు, శ్యామల కూడా ఇట్లాగే నవ్వేది, "ఎవరన్నా మీ ఆయన ఏం చేస్తారని అడిగితే నేనేం చెప్పాలండీ" అనేది. మా తెనాలిలో బనియనంటే లోపల వేసుకునేది. వీధి అరుగు మీదికి బనియన్‌తో వస్తే మా నాయనమ్మ, "చొక్కా తగిలించుకోరా, మనుషులు తిరిగే చోటు" అనేది. ఇక్కడ మొదటి జూలైలో చూస్తే ఆడా మగా అందరూ బనియన్లతోనే రోడ్డు మీద. ఊరు ఊరంతా స్నానానికి బయల్దేరిందా అనుకున్నా. తర్వాత అలవాటైంది. ఏడు నెలలు కోటులో మగ్గిన ఒళ్ళు, వాళ్ళని మాత్రం ఏమనగలం. నేనూ కొన్నాళ్ళకి కట్ బనియన్ వేసుకుని బాల్కనీలో కూర్చోడం మొదలుపెట్టా. ఒంటికి గాలి తగలడంలో సిగ్గేముంది అనేవాణ్ణి. ఆ ముక్కే నా కొంపముంచింది. నాది కాదు, అతనిది.

భీమారావని, కోనసీమ వాడు. చదువుకోడానికొచ్చి, చదువయ్యాక కంప్యూటర్ ఉద్యోగంలో చేరాడు. మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంటే అద్దెకి దిగాడు. అప్పటికి ఇరవై ఏడో ఎనిమిదో. మాటకి ముందొక ఆయ్, వెనకొక అండీ. "ఆయ్, అలాగేనండి అన్నగారండి." మనిషిని తిట్టినా అండీ పెట్టే తిట్టేవాడు. ఒకసారి బస్సు వెళ్ళిపోతుంటే దాని వెనకాల పరిగెత్తుతూ "ఆగండి బాబూ" అంటాడు తెలుగులో, ఆ డ్రైవరు ఫ్రెంచివాడు. నాకు చదవడం రాదని వారం రోజుల్లో కనిపెట్టాడు. కరెంటు బిల్లు తిరగేసి పట్టుకున్నాలే. ఆ రాత్రి అన్నం తిన్నాక నా సుద్దముక్క తీసుకుని, నల్ల గుడ్డ ఒకటి బల్లమీద పరిచి, "అన్నగారండి, ఇది ఠ. మధ్యలో చుక్క పెడితే మీ చొక్కా బొత్తామేనండి" అన్నాడు. ఠ తో మొదలుపెట్టాడు నాకు, అ తో కాదు. అ తో మొదలుపెడితే ఆ పెద్దవయసులో నేను లేచిపోయేవాణ్ణి. రాయడం, అరచేత్తో దులపడం, మళ్ళీ రాయడం. రెండు చలికాలాలు. శ్యామల పక్కన కూర్చుని చిక్కుళ్ళు గిల్లుతూ, "ఈయనకి ఒత్తులు రావు, ఒళ్ళు పొగరు తప్ప" అనేది. వచ్చాయి. ఇవాళ నేను పేపరు చదువుతున్నా, మందుసీసా మీద ఏముందో కూడబలుక్కుంటున్నా అంటే అతని చలవే. అదొకటి గుర్తుపెట్టుకో, ఎందుకంటే అట్లాంటివాడు నన్ను అడిగింది ఒక్కటే.

అతనెప్పుడూ ఫుల్ చొక్కానే. జూలైలో కూడా, మణికట్టు దగ్గర బొత్తాం పెట్టి. నేను వేళాకోళం చేసేవాణ్ణి, ఏమయ్యా పెళ్ళికొడుకా, చలేస్తోందా అని. ఒకరోజు స్నానాలగది తలుపు సరిగ్గా పడక తెరుచుకుంటే కనపడింది. భుజం దగ్గర్నుంచి మోచేతి కింద దాకా బొల్లి మచ్చలు, రెండు చేతులకీ. ముఖం మీద లేదు, అరచేతుల మీద లేదు, అక్కడే. తలుపు లాగేశాడు. తర్వాత వచ్చి నెమ్మదిగా, "అంటుకునేది కాదండి అన్నగారండి, పిల్ల గానీ వదినగారు గానీ భయపడక్కర్లేదు" అన్నాడు. నాకు తెలుసయ్యా, మా మేనత్తకి ఉండేది, నీకెందుకు సిగ్గు అన్నా. నవ్వాడు. ఆ రోజుల్లోనే సుధామయి అని ఒకమ్మాయి, అన్నావదినల దగ్గరుండి చదువుకునేది. తెలుగువాళ్ళ పండగల్లో వీళ్ళిద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. అప్పట్లో మాట్లాడుకోడమంటే ఒకరి ప్లేటు ఒకరు అందుకోడం, అంతే. ఆ అమ్మాయి అన్నకి కూడా ఇష్టమే. పిక్నిక్ అవ్వనివ్వండి, కూర్చుని మాట్లాడదాం అని శ్యామలకి కబురు పంపాడు.

ఆ పిక్నిక్కే. ఏటా జూలైలో మాంట్రియల్ తెలుగువాళ్ళకీ ఒట్టావా తెలుగువాళ్ళకీ వాలీబాల్. మా టీముకి పెద్దదిక్కుని నేనే, ఆడ్డం రాకపోయినా అరవడం వచ్చు. భీమారావు సర్వీసు కొడితే అవతలవాళ్ళు చేతులు అడ్డం పెట్టుకుని పక్కకి తప్పుకునేవాళ్ళు. ఆ ఏడు నాకో ఆలోచన వచ్చింది. ఫ్యాక్టరీలో పసుపురంగు జాలీ గుడ్డ తాను చివర మిగిలింది, మేస్త్రీ తీసుకెళ్ళమన్నాడు. ఎనిమిది చేతుల్లేని జెర్సీలు కుట్టా. వీపు మీద పేర్లు తెలుగులో, నా చేత్తో దారంతో కుట్టా, అందరికంటే ముందు అతని పేరు. నేను ఎవరి సాయం లేకుండా రాసిన మొదటి మాట అదే. చూపిస్తే ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత జెర్సీ తిరగేసి, చంకలు చూసి, "అన్నగారండి, నా ఒక్కదానికీ చేతులు పెట్టి పెడతారాండి" అన్నాడు. అడిగింది అదే. ఒక్కటే. గంట పని కూడా కాదు. నేనేమన్నానో తెలుసా, టీమంటే టీమేనయ్యా, ఒక్కడికి చేతులుంటే ఏడుగురూ ఎందుకని అడుగుతారు. అందరిలో తిరిగితేనే సిగ్గు పోతుంది, ఒక్కసారి చూశారంటే మళ్ళీ దాని సంగతి ఉండదు, ఆ అమ్మాయి వాళ్ళు కూడా చూస్తారు, నువ్వు నోరు తెరిచి చెప్పే పని తప్పుతుంది. అతను, "నేనే చెప్దామనుకుంటున్నానండి. ఆదివారం ఆటయ్యాక, సుధామయి గారితో. నా నోటితో చెప్పాలండి అది" అన్నాడు. ఇంత స్పష్టంగా అన్నాడు. శ్యామల కూడా అంది, "పెట్టండీ, మీ సొమ్మేం పోయింది." ఇద్దరూ అడిగేసరికి నాకు మొండి ఇంకా ఎక్కువైంది. పెట్టను, పోండి అన్నా. మిగిలిన గుడ్డ కూడా ఉంది, దాన్ని తీసి మిషను తుడుచుకున్నా.

ఆదివారం పార్కుకి వచ్చాడు, లోపల తెల్ల ఫుల్ చొక్కా, పైన పసుపు జెర్సీ. ఎండ మండిపోతోంది. ఆట మొదలవబోతోంది, నూటయాభై మంది ఉన్నారు చుట్టూ. నేను గట్టిగా, అందరికీ వినపడేటట్టు, ఏం వేషమయ్యా అది, వడదెబ్బ తగిలి పడిపోతావు, లోపలిది తియ్ అన్నా. మంచిమాటే అనుకున్నా చూడు నేను. ఏడుగురూ "తియ్ భీమా, తియ్ భీమా" అని చప్పట్లు మొదలుపెట్టారు. నా వంక చూశాడు. కోపంగా చూస్తే బాగుండేది. కాగితం మీద నేను తప్పు రాసినప్పుడు చూసేవాడే, ఆ, ఇంకోసారి రాయండి అన్నట్టు, అట్లా చూశాడు. అక్కడే నేను వద్దులే అంటే అయిపోయేది. అనలా. చెట్టు వెనక్కెళ్ళి తీసి, చొక్కా మడతపెట్టి సంచిలో పెట్టుకుని వచ్చాడు. చప్పట్లు ఆగిపోయినాయి. మర్యాదస్తులు కదా అందరూ. ఆట గెలిచాం. అతనివే పదకొండు పాయింట్లు. బంతి కొట్టడానికి చెయ్యి లేపినప్పుడల్లా జనం చూసేది బంతిని కాదు.

భోజనాల దగ్గర ఎప్పుడూ అతనే పులిహోర వడ్డించేవాడు. ఆ రోజు కూడా గరిటె పట్టుకున్నాడు. ఎవరో ఒకావిడ, పేరెందుకులే, నవ్వుతూ వచ్చి, "మీరు ఆడి అలిసిపోయారు అన్నయ్యగారూ, కూర్చోండి" అని గరిటె చేతిలోంచి తీసుకుంది. అతను కూర్చున్నాడు. ఆవిడ ఆ గిన్నె మీద మూతపెట్టి బల్ల కిందకి నెట్టి, కారులోంచి ఇంకో గిన్నె తెప్పించింది. నేను చూశా. అతనూ చూశాడు. సుధామయి దూరంగా వదిన పక్కన కూర్చుని తల ఎత్తలా. ఎప్పుడు లేచి వెళ్ళారో వెళ్ళిపోయారు. చెప్పడానికి అతనికి ఏమీ మిగల్లా ఆ సాయంత్రం. కారులో తిరిగొస్తున్నాం. మా అమ్మాయి చిన్నది అప్పుడు, అదొక్కటే "అంకుల్, మనం గెలిచాం కదా" అంది. "ఆయ్, గెలిచాం తల్లీ" అన్నాడు.

దారం అందియ్యమ్మా, ఆ నీలంది. ఆఁ. ఏం చెప్తున్నా. ఇక్కడితో అయితే నేను కొంచెం నిద్రపోగలను. మూడు వారాల తర్వాత సుధామయి మా ఇంటికొచ్చింది, ఒక్కతే. భీమారావు ఆఫీసులో ఉన్నాడు. శ్యామల దగ్గర కూర్చుని, "మచ్చల గురించి కాదు పిన్నిగారూ. నూటయాభై మందితో పాటు నేనూ చూశాను. అందరికీ చూపించగలిగినవాడు నాకు ఒక్కమాట ముందు చెప్పలేకపోయాడా? నేనంటే అంతేనా?" అంది. నేను పక్కగదిలో మిషను మీద ఉన్నా. తలుపు తీసే ఉంది. అతను నీకు చెప్దామనే అనుకున్నాడమ్మా, ఆ సాయంత్రమే, చేతులు పెట్టమని నన్ను అడిగాడు, నేను పెట్టలా, చొక్కా నేనే విప్పించా. ఇంతే, ఈ నాలుగు ముక్కలు. లేచి వెళ్ళి అంటే సరిపోయేది. అప్పుడు నేను తప్పు చేశానని ఒప్పుకోవాలిగా. శ్యామల చెప్పబోయింది, "అది కాదమ్మా, మా ఆయన" అంటుండగా నేను కావాలనే మిషను తొక్కా, గట్టిగా. ఉత్త గుడ్డ మీద. శ్యామల ఆగిపోయింది. ఆ అమ్మాయి కాఫీ తాగకుండా వెళ్ళింది. అతనికి కూడా చెప్పలేదు మేము, వచ్చి వెళ్ళిందని. ఆ విషయం మీద మా ఇద్దరికీ మళ్ళీ మాట రాలేదు, ఆవిడ పోయేదాకా. ఆవిడ పోయి ఆరేళ్ళు.

సెప్టెంబరులో ఒట్టావా పక్కన కనాటాలో ఉద్యోగం వచ్చిందని వెళ్ళిపోయాడు. ఏ గొడవా లేదు. వెళ్ళేముందు కూడా నా పుస్తకం చూసి రెండు తప్పులు దిద్దాడు. మొదట్లో ఆదివారాలు ఫోన్ చేసేవాడు, తర్వాత పండక్కి, తర్వాత ఎప్పుడో. పెళ్ళి చేసుకోలా. సుధామయికి ఆ మరుసటేడే అయిపోయింది. పదకొండేళ్ళు గడిచినాయి. ఫిబ్రవరిలో ఒకరోజు పోలీసుల దగ్గర్నుంచి ఫోను, బస్సు కోసం నిలబడి కూలిపోయాడంట, గుండె. పర్సులో నా నంబరుంది. అన్నగారు అని తెలుగులో రాసి ఉందంట, వాళ్ళు ఆ రాత పట్టుకుని తెలుగువాణ్ణి వెతికి చదివించారు. వెళ్ళాం. కావలసినవి జరిగినాయి. తర్వాత అతని గది సర్దాలి. ఒంటిగది, శుభ్రంగా ఉంది, అన్నీ ఫుల్ చొక్కాలే, ఇస్త్రీ చేసి. అలమర కింద అరలో ఆటబూట్లు, వాటి పక్కన మడతపెట్టి ఆ పసుపు జెర్సీ. తీశా. వీపు మీద పేరు ఉంది, దారం వెలిసిపోయింది. దానికి చేతులున్నాయి. తెల్లవి.

ఆ తెల్ల చొక్కావే. ఆ రోజు చెట్టు వెనకాల విప్పిందే, మణికట్టు బొత్తాం చూసి గుర్తుపట్టా. దాని చేతులు కోసి, ఈ జెర్సీకి సూదితో తనే కుట్టుకున్నాడు. ఎట్లాంటి కుట్టు అనుకున్నావు, ఒకటి పొడుగు ఒకటి పొట్టి, ముడులన్నీ పైకే. చంక పెద్దది, చెయ్యి చిన్నది, సరిపడక కుచ్చులు పెట్టి లాగాడు. అక్కడక్కడా దారం రంగు వేరు, ఊడినప్పుడల్లా మళ్ళీ వేసుకున్నాడన్నమాట. మోచేతుల దగ్గర అరిగింది. వేసుకుని ఆడాడు, ఎన్నో ఏళ్ళు ఆడాడు. కనాటాలో అతనితో ఆడినవాళ్ళు చెప్పారు, "మంచి ఆటగాడండీ, సర్వీసు కొట్టేటప్పుడు మాత్రం చెయ్యి ఎందుకో పూర్తిగా లేచేది కాదు, భుజం నొప్పేమో అనుకున్నాం" అని. భుజం నొప్పి కాదమ్మా. చొక్కా చేతికి ముందు వేరు, వెనక వేరు. ముందు వైపు కొంచెం లోతు కోస్తాం. అతను కుడిచెయ్యి ఎడమకి, ఎడమచెయ్యి కుడికి పెట్టుకున్నాడు. దింపుకుని నిలబడితే తెలీదు. పైకెత్తితే పట్టేస్తుంది. మిషను పట్టిన ఏ పిల్లాడైనా చెప్తాడు ఆ సంగతి. ఫోన్‌లో అడిగినా చెప్పేవాణ్ణి. నాకు రెండేళ్ళు కూర్చోబెట్టి ఒత్తులు నేర్పినవాడు, ఈ ఒక్కటీ నన్ను అడగలా. ఇంకోసారి ఎట్లా అడుగుతాడు.

ఆ డ్రాయర్‌లోనే ఉంది. వద్దు, తియ్యకు. విప్పి సరిగ్గా పెడదామని ఎన్నిసార్లు కత్తెర పట్టుకున్నానో, చెయ్యి రాలా. పోయినేడు ఇక్కడే ఒక గృహప్రవేశంలో సుధామయి కనపడింది. జుట్టు నెరిసింది. కొడుకు పెళ్ళి చేసిందంట. ఇప్పుడైనా చెప్పాలని లేచా, కర్ర పట్టుకుని అంతదూరం నడిచా. దగ్గరికెళ్ళి, సుధామయీ, భీమారావు అనేసరికి ఆ అమ్మాయి నా చేతిలో ఖాళీ ప్లేటు చూసి, "బాబాయిగారూ, మీకు పులిహోర వెయ్యలేదా ఎవరూ" అని తీసుకుని వెళ్ళింది. వేసుకొచ్చి ఇచ్చింది. తిన్నా.

ఏమిటట్లా చూస్తావు. ఆఁ, చెప్తే చెప్పు, లేకపోతే లేదు, నీ ఇష్టం. నాకైతే అక్కర్లేదు. లేచి నిలబడు. టేపు ఎక్కడ పెట్టా. ఇక్కడే ఉంది. మోచేతి దాకా చాలా, మణికట్టు దాకా కావాలా? మణికట్టు దాకా. సరే. ఏ చేత్తో కొడతావు సర్వీసు? ఆ చెయ్యి ఎత్తు. అట్లా కాదు, బంతి కొట్టేటప్పుడు ఎంత ఎత్తుతావో అంత. ఇంకా పైకి. ఇంకా. ఉండు, దించకు.